ఉత్తరపు వెలుగు కోసం

రాత్రివేళ దూరదేశపు షార్ట్ వేవ్ కేంద్రమొకటి వినుచుండగా, స్వరము క్రమముగా సన్నగిల్లి, గురగురలో కలిసి, చివరకు మాయమైపోవుట రేడియో శ్రోతలలో పలువురు ఎరిగిన అనుభవమే. యంత్రము చెడినదేమోనని మనము మీటలు త్రిప్పుదుము. కాని కొన్ని రాత్రులలో ఆ లోపము యంత్రములోనిది కాదు, ఆకాశములోనిది. ఆ ఆకాశపు అలజడియే భూమికి ఉత్తరపు కొసన వెలుగై కనిపించును. దానినే ఉత్తర ధ్రువ జ్యోతి అందురు. మా వృత్తికి విరోధియైన ఆ వెలుగును ఒక్కసారి కన్నులార చూడవలెనని నాకు చిరకాలపు కోరిక.

2025 ఫిబ్రవరిలో ఆ కోరిక తీరినది. విశ్వవిద్యాలయములో కలిసి చదువుకొన్న నలుగురము నార్వే దేశములోని ట్రోమ్సో నగరము చేరుకొన్నాము. ఈ నగరము ఆర్కిటిక్ వృత్తమునకు సుమారు 340 కిలోమీటర్లు ఉత్తరమున ఉన్నది. నవంబరు చివరనుండి జనవరి నడుమ వరకు అక్కడ సూర్యుడు ఉదయింపడు. అయినను వెచ్చని సముద్ర ప్రవాహము వలన రేవు గడ్డకట్టదు. ఆ సముద్రమే మేఘములను కూడ మోసికొని వచ్చును. ధ్రువ జ్యోతి వెలుగునది వంద కిలోమీటర్లకు పైన. మేఘములుండునది మన నెత్తిమీద. క్రింది తెర తొలగనిదే పై నాటకము కనబడదు. మొదటి రెండు రాత్రులు మేఘములను చూచుటతోనే గడచినవి.

మూడవనాటి సాయంకాలము అద్దె కారులో బయలుదేరినాము. శీతల దేశములలో చాలకాలము నివసించిన మిత్రుడొకడు చక్రము పట్టినాడు. మంచుపై పట్టు తప్పకుండుటకు టైర్లకు ఉక్కు మేకులున్నవి. దారికి ఇరువైపుల పాతిన గుంజలు లేనిచో బాట యెక్కడ ముగిసినదో, బీడు యెక్కడ మొదలైనదో తెలియదు. మా గమ్యము దాదాపు 160 కిలోమీటర్ల దూరమున, ఫిన్లాండు సరిహద్దులోనున్న కిల్పిస్‌యార్వి గ్రామము. దారిలో షీబోట్న్ అను లోయ యున్నది. సముద్రపు తేమగాలులను లింగెన్ పర్వతములు అడ్డగించుటచే అక్కడ ఆకాశము తరచు నిర్మలముగా ఉండును. విశ్వవిద్యాలయము వారి నక్షత్రశాల ఆ లోయలో నెలకొనుటకు కారణము అదియే.

లోయ దాటి కొండ యెక్కుచుండగా గాలి లేచినది. నేలమీది మంచు పొడియై లేచి దీపముల కాంతిని మ్రింగివేసినది. ఒక మలుపులో కారు ప్రక్కకు జారి, దారి అంచున పోసియున్న మంచుకట్టను తాకి ఆగినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని కొంతసేపు ఎవరికిని మాట పెగలలేదు. ఇక తిరిగిపోదమని మిత్రుడన్నాడు. ఇంతదూరము వచ్చి వెనుకకు మరలుటయా యని నేను వాదించినాను. ఇంకొక పది కిలోమీటర్లు చాలునన్నాను. అతడు నావంక తిరిగి, "వెలుగుదేముందిరా, రేపూ వస్తుంది. మనం ఉండద్దూ?" అన్నాడు. ఆ మాటకు నావద్ద సమాధానము లేకపోయినది. లోయలోనికి దిగివచ్చి, బాట ప్రక్క ఖాళీ స్థలమున కారు నిలిపి, దీపములార్పినాము.

చలి ఎముకలలోనికి దిగుచున్నది. గంట గడచినను కనిపించినది ఆకాశమున అడ్డముగా ఒక బూడిదరంగు చార మాత్రమే. మేఘమనుకొన్నాను. మరొక మిత్రుని కెమెరాలో మాత్రము అది పచ్చగా పడినది. మసక వెలుతురులో మన కంటిలోని రంగులను గుర్తించు కణములు పనిచేయవు. కెమెరా అయితే కొన్ని సెకండ్లపాటు కాంతిని కూడబెట్టుకొనును. ఈ సంగతి చదివియుండియు, "ఇందుకోసమా ఇంత ప్రయాణము!" అని నా మనసు చిన్నబోయినది.

పదకొండు గంటలు కావచ్చినది. ఉన్నట్టుండి ఆ చార కదిలినది. బూడిదరంగు లేతపచ్చయై, పచ్చదనము చిక్కబడి, ఆకాశమంతయు మడతలు మడతలుగా జారుచున్న తెరయైనది. అంచున గులాబి వన్నె పరుగెత్తినది. క్రింద మంచుకు పచ్చని ఛాయ అంటినది. అంత సంరంభమునకు మాకు చిన్న సవ్వడియైన వినబడలేదు. ధ్వనితో జీవించు నాకు ఆ నిశ్శబ్దము అన్నిటికంటె వింతగా తోచినది. పది నిమిషములలో అంతయు సద్దుమణిగినది.

సూర్యునినుండి వెలువడు విద్యుత్కణములే దీనికి మూలమని నార్వే శాస్త్రజ్ఞుడు బిర్కెలాండ్ 1896లో ప్రతిపాదించినాడు. గాలి తీసిన పెట్టెలో అయస్కాంతపు గోళమునుంచి, దాని ధ్రువములచుట్టు వెలుగును పుట్టించి చూపినాడు. ఆ కణముల తాకిడికి వంద నుండి నూట యేబది కిలోమీటర్ల ఎత్తున ఆమ్లజని పచ్చగాను, రెండువందలకు పైన ఎఱ్ఱగాను వెలుగును. గులాబి అంచు నత్రజనిది. 1932–33లో ఆపిల్‌టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ ట్రోమ్సోకే వచ్చి, రేడియో తరంగములను పైకి పంపి ప్రతిధ్వనులను కొలిచినాడు. అలజడి తీవ్రమైనప్పుడు ప్రతిధ్వనియే తిరిగి రాలేదు. తరంగములను త్రిప్పిపంపవలసిన ఆకాశపు పొరలకు దిగువన, ఆ కణముల వలననే మరొక పొర దట్టమై వాటిని మ్రింగివేయును. పై వాతావరణమును గూర్చిన పరిశోధనలకు అతనికి 1947లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ వెలుగు మనకు పూర్తిగా పరాయిది కాదు. 2024 మే నెలలో సౌర తుఫాను చెలరేగినప్పుడు లడఖ్‌లోని హాన్లే నక్షత్రశాలనుండి ఆకాశమున ఎఱ్ఱని కాంతి కనిపించినది. అంత దూరమునుండి చూచువారికి జ్యోతి యొక్క శిరస్సు మాత్రమే దిగంతముపైకి వచ్చును. అందుచేతనే ఆ ఎఱుపు.

తిరుగు ప్రయాణములో మిత్రుడు నెమ్మదిగా కారు నడిపినాడు. కారులోని రేడియో పెట్టగా, మాకు తెలియని భాషలో ఎవరో తాపీగా మాటాడుచున్నారు. రాత్రి డ్యూటీలోనున్న ఉద్యోగి కాబోలును. ఒక్క మాట అర్థము కాకపోయినను, ఆ చీకటి బాటలో ఆ గొంతు మమ్ములను ఇంటివరకు సాగనంపినట్లే యుండినది.