నోటు మీద ఊరి పేరు



మన నూరు రూపాయల నోటు అనకాపల్లిలో పుచ్చుకున్నా ఆదిలాబాద్‌లో పుచ్చుకున్నా ఒకేలా ఉంటుంది. అమెరికాలో 1863 నుంచి 1935 దాకా చలామణీలోకి వచ్చిన నేషనల్ బ్యాంకు నోట్లు అలా కాదు. నోటు మీద బ్యాంకు పేరూ ఊరి పేరూ అచ్చయి ఉండేవి. ఇవాళ పాత నోట్లు సేకరించేవారి దగ్గర వాటి ధర తేల్చేది ముఖ్యంగా ఆ ఊరి పేరే.

ఆ నోట్లు పుట్టడానికి కారణం అమెరికా అంతర్యుద్ధం. దాని ఖర్చులకు సర్కారుకు డబ్బు కావలసి వచ్చింది. బ్యాంకులు ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీలో జమ చేస్తే, ఆ బాండ్ల విలువలో నూటికి తొంభై వంతుల దాకా ఆ బ్యాంకుల పేరిట నోట్లు ఇచ్చేవారు. బాండ్ల పూచీ ఉంది కనుక బ్యాంకు దివాలా తీసినా నోటు పట్టుకున్నవాడికి నష్టం లేదు. ప్రతి బ్యాంకుకూ ఒక చార్టర్ నంబరు. ఒకటో నంబరు ఫిలడెల్ఫియా ఫస్ట్ నేషనల్ బ్యాంకుది.

అలాంటి నోటు ఒకదాన్ని దగ్గరగా చూడండి. పాత పెద్ద సైజు నోట్లు కత్తిరించని షీట్లుగా బ్యాంకుకు చేరేవి. ఎడమవైపు క్యాషియరు, కుడివైపు ప్రెసిడెంటు సంతకాలు చేశాక కత్తెరతో విడదీసేవారు. అందుకే చాలా నోట్లకు అంచులు వంకర. సిరా వెలిసిపోయి సంతకం ఆనవాలే మిగలని నోట్లూ ఉన్నాయి. మార్కెట్టు లెక్క ఏదైనా, కరకరలాడే నోటు కన్నా సంతకం నిలిచిన నలిగిన నోటే నాకు ముద్దు.

పన్నెండు వేల పైచిలుకు బ్యాంకులు నోట్లు వేశాయి. పెద్ద నగరం బ్యాంకుది, 1929 సిరీస్ ఇరవై డాలర్ల నోటు, వంద డాలర్ల లోపే దొరకవచ్చు. అదే డకోటాకు ఇంకా రాష్ట్ర హోదా రాక ముందు, ‘టెరిటరీ’ అని అచ్చయిన నోటుకు వేల డాలర్లు పెట్టాలి. చిన్న బ్యాంకు వేసినవే కొన్ని. ట్రెజరీకి తిరిగి వచ్చినవాటిని నాశనం చేసేవారు. కొన్ని బ్యాంకుల నోటు ఒక్కటైనా ఇంతవరకూ బయటపడలేదు. ‘2’ అంకె పక్కకు పడుకున్నట్టుండే తొలినాటి రెండు డాలర్ల నోటైతే, నలిగినదైనా సాధారణంగా వెయ్యి డాలర్ల పైమాటే.

ఈ నోట్లు ఇవాళ్టికీ చెల్లుతాయి, ముఖవిలువకే. అమెరికాలో ఉన్న మీ పిల్లలకు అలాంటిది దొరికితే బ్యాంకులో ఇచ్చెయ్యవద్దనండి. ఉతకవద్దు, ఇస్త్రీ పెట్టవద్దు, చిరుగుకు టేపు అంటించవద్దు. ముందు ఊరి పేరూ చార్టర్ నంబరూ చూసి, ఆ బ్యాంకు నోట్లు ఎన్ని మిగిలాయో తెలిసినవారిని అడగమనండి.