వార్ధక్యము, శునకము, ఘ్రాణశక్తి
(మన సంఘ సమావేశమున ఒక వృద్ధ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ముసలితనమును గూర్చిన పుస్తకములను గురించి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, దానితోపాటు కుక్కలను గూర్చియు, వాసనను గూర్చియు చెప్పుదునంటిని. వారు నవ్విరి. ఈ మూడింటికి సంబంధమెట్లు కుదిరినదో ముందుగా విన్నవించెదను.

మొన్నటి మాఘమాసమున ఒకనాటి ఉదయము వంటయింటి గడపప్రక్కనే కూర్చుండి వార్తాపత్రిక చదువుకొనుచుంటిని. పొయ్యిమీద పాలు పొంగి, అడుగంటి, మాడుచున్నవి. నాకేమియు తెలియలేదు. పెరటిలో పండుకొనియున్న మా కరియ లేచివచ్చి నాయెదుట నిలిచి మొరిగినది. అది జాతికుక్క కాదు, వీధికుక్కయే. వయస్సు పదమూడేండ్లు. కన్నులకు పొర క్రమ్మినది, చెవులు మందగించినవి. మా కోడలు పరుగెత్తివచ్చి, "ఏం మామా, పాలు మాడిపోతా ఉండాయి, వాసన రాలేదా?" అని అడిగినది. రాలేదు. నా ముక్కు ఎన్నడు పోయినదో నాకే తెలియదు. చూపు తగ్గినచో కళ్ళజోడు పెట్టుకొందుము, వినికిడి తగ్గినచో ఇంటివారే అరచి చెప్పుదురు. ముక్కు తగ్గినదని చెప్పుకొన్నవారిని నేనింతవరకు చూడలేదు.

ఆ దిగులుతోనే పుస్తకములు వెదకితిని. అమెరికాలో రిచర్డ్ డోటీ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి 1984లో ప్రకటించిన పరిశోధనము ప్రకారము, 65 మొదలు 80 ఏండ్లలోపువారిలో సగముకంటె ఎక్కువమందికి, 80 దాటినవారిలో నాల్గింట మూడువంతులకు పైగా ఘ్రాణశక్తి మిక్కిలి తగ్గియుండును. ముక్కు లోపలి పైభాగమున వాసనను గ్రహించు నాడీకణములు జీవితాంతము నశించుచు, మరల పుట్టుచుండును. వయస్సు మీరినకొలది ఆ పుట్టుక మందగించును. ఇది కేవలము పూలవాసనకు సంబంధించిన ముచ్చట కాదు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారినపుడు మనకు తెలియవలెననియే దానియందు ఒక దుర్వాసన ద్రవ్యమును కలుపుదురు. ముక్కు లేనివానికి ఆ ఏర్పాటు వ్యర్థము. మరియు మనము రుచి అనుకొనునదానిలో పెద్దపాలు నోటినుండి ముక్కునకు చేరు వాసనయే. కనుక కోడలి వంటలో రుచి పోయినదని నిందించు అత్తమామలు ముందుగా ఒక లవంగమును వాసన చూడవలెనని మనవి. (నవ్వులు)

ఇక శునకముల సంగతి. న్యూయార్కులోని బార్నార్డ్ కళాశాలలో బోధించు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అను విదుషీమణి 2009లో "ఇన్‌సైడ్ ఆఫ్ ఎ డాగ్", 2016లో "బీయింగ్ ఎ డాగ్" అను గ్రంథములను ప్రకటించెను. కుక్క ఊపిరి విడుచునపుడు గాలి ముక్కుపుటముల ప్రక్క చీలికలగుండా వెలువడునట. అందుచే లోనికి తీసిన వాసన చెదరదు. వాసన గ్రహించు జన్యువులు మనకు సుమారు 400 పనిచేయుచుండగా, దానికి ఇంచుమించు రెట్టింపు. ఆమె చేసిన ఊహ యొకటి నాకు మిక్కిలి నచ్చినది. యజమాని వెళ్ళిన పిదప ఇంటిలో అతని వాసన గంటగంటకు పలుచబడును. ఇంత పలుచబడినపుడు అతడు తిరిగివచ్చునని కుక్క తెలిసికొనునేమో! ఇది ఊహయే, కాని మా మనుమడు బెంగుళూరునుండి వచ్చు వేళకు కరియ వీధిగుమ్మమున చేరుట చూచితిని.

మన భారతము కుక్కతో మొదలై కుక్కతో ముగియుననుట మీరెరుగనిది కాదు. ఆదిపర్వమున, నన్నయగారి భాగమున, సరమ కథ కలదు. జనమేజయుని తమ్ములు యాగశాలలో ఆమె బిడ్డను కొట్టిరి. వ్యాసమూలములో ఆ పిల్ల తాను హవిస్సును చూడలేదు, నాకలేదు అని తల్లితో చెప్పుకొన్నది. వాసన చూడలేదని మాత్రము అనలేదు! కుక్కపిల్ల అంతటి అబద్ధమాడలేదు కాబోలు. ఇక తిక్కనగారి మహాప్రస్థానిక పర్వమున, వృద్ధుడైన ధర్మరాజు వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచెను.

మన ప్రక్కనే, బెంగుళూరు ప్రభుత్వ వస్తుసంగ్రహాలయమున, క్రీ. శ. 949–50 నాటి ఆతకూరు శిలాశాసనమున్నది. తక్కోలము యుద్ధమున పరాక్రమించిన మణలేరుడు, గంగరాజు బూతుగుడు వరమిచ్చెదననగా, కాళి అను వేటకుక్కను కోరుకొనెను. ఆ కాళి అడవిపందితో పోరాడి మరణించినది. వీరగల్లులకు పేరొందిన జిల్లా మనది. బెంగుళూరు పోయినపుడు పిల్లలకు ఈ రాయిని గూడ చూపించుడు.

అయితే ముసలివారికి కుక్కవలన కలుగు మేలేమి? అతుల్ గవాండే 2014లో ప్రకటించిన "బీయింగ్ మోర్టల్" గ్రంథమున ఒక వృత్తాంతమున్నది. 1991లో న్యూయార్కు రాష్ట్రమునందలి న్యూబెర్లిన్ అను చిన్న ఊరి వృద్ధాశ్రమములో బిల్ థామస్ అను యువవైద్యుడు రెండు కుక్కలను, నాలుగు పిల్లులను, నూరు చిలుకలను ప్రవేశపెట్టెను. మాటలాడరనుకొన్నవారు మాటలాడిరి. మంచము దిగనివారు కుక్కను తిప్పివత్తుమని వచ్చిరి. రెండేండ్లలో అచటి మందుల వాడకము పోల్చిచూచిన మరియొక ఆశ్రమముకంటె సగమునకు తగ్గినది, మరణములు నూటికి 15 వంతున తగ్గినవి. ఒక్క ఆశ్రమపు లెక్కను వేదవాక్యముగా గొనరాదు. అయినను, తనపై ఆధారపడిన ప్రాణి యొకటి ఉన్నచో ముసలివాడు తెల్లవారగనే లేచును. ఇది నేను నాయింటనే ఎరుగుదును. ముసలికుక్కను ఊరి వెలుపల విడిచివచ్చు అలవాటు మన వీధులలోను ఉన్నది, దానిని నేను క్షమింపజాలను.

చివరగా ఒక ప్రయోగము. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున థామస్ హుమ్మెల్ అను వైద్యుడు 2009లో, ఘ్రాణశక్తి కోల్పోయినవారిచే గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగము అను నాలుగు వాసనలను రోజునకు రెండుమారులు, పండ్రెండు వారములపాటు చూపింపగా, కొందరికి మేలు కలిగెను. ఈ నాలుగింటికి మనము జర్మనీ పోనక్కరలేదు. కాని ఒక చిక్కు: ఎగుమతికై హోసూరు తోటలలో పెంచు గులాబులు చూడ చక్కనివే గాని, వానికి వాసన బహు స్వల్పము. పన్నీటి గులాబినే వెదకుకొనవలెను.

నేను ప్రారంభించి ఎనిమిది వారములైనది. కరియ ప్రక్కన కూర్చుండి నాతోపాటు తానును వాసన చూచుచుండును, నీలగిరి తైలము మూత తీయగనే లేచిపోవును. నాకు లవంగము తెలిసినది. నిమ్మ ఒక్కొక్కనాడు తెలియును. గులాబి ఇంకను తెలియలేదు.