నూజివీట తొలియేటి ప్రవేశము

నూజివీటి చిన్నరసములు సంతకు వచ్చు వేసవిలోనే పదవ తరగతి ఫలితములును వెలువడును. తోటలలో కాయకోతలు సాగుచుండగనే ఇండ్లలో పిల్లల పైచదువులను గూర్చి తర్జనభర్జనలు మొదలగును. అట్టి యిండ్లవారు, జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రవేశనియమమును తెలిసికొనుట మంచిది.

2008లో ఏర్పడిన ఈ విద్యాలయమున పదవ తరగతి ముగియగనే చేరవలెను. రెండేండ్లు ఇంటర్మీడియెట్టుకు సమానమైన చదువు, పిమ్మట నాలుగేండ్లు ఇంజనీరింగు. కరోనా వలన బడి పరీక్షలు రద్దయిన 2020, 2021 సంవత్సరములలో ప్రవేశపరీక్ష జరిపిరి గాని, సాధారణముగ బడి మార్కులే గీటురాయి. ఆ పరీక్షను తొలి యత్నముననే గట్టెక్కియుండవలెను. మార్కులు సమానమైనచో మొదట గణితమును చూతురు.

ఇక ముఖ్యమైన సంగతి. వసతిగృహములు లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి 4 శాతము మార్కులు అదనముగ కలుపుదురు. ఇది దయాదానమని కొందరందురు. నేనట్లు తలపను. తోటలో కాయలేరి, బడికి నడచి, రాత్రి ఒంటరిగ లెక్కలు చేసికొనిన బాలిక మార్కులను, రుసుము చెల్లించి శిక్షణ పొందిన బాలుని మార్కులను ఒకే తూకమున తూచుటయే అన్యాయము.

పదునైదేండ్ల బిడ్డను ఆరేండ్లు దూరమున నుంచుట తల్లికి సులభము గాదు. ఆ మాట ఇంట ముందే తేల్చుకొనవలెను. దరఖాస్తులో బడి ఏ యాజమాన్యమునకు చెందినదో సరిగ వ్రాయుడు. ఆ 4 శాతము దానిపైననే ఆధారపడియున్నది.