బంతి మనదే, ఖాళీ వాళ్లది



'ఫుట్‌బాల్ మేనేజర్' ఆడేవాళ్ల నోట నేను తరచుగా వినే గోడు ఒకటుంది. బంతి మూడింట రెండు వంతుల సేపు మన కాళ్ల దగ్గరే ఉంటుంది. పాసులు వందల్లో పడతాయి. స్కోరు మాత్రం 0-0 దగ్గరే ఉండిపోతుంది. లేదా ఎనభయ్యో నిమిషంలో అవతలి జట్టు ఒక్క కార్నర్ దొరకబుచ్చుకుని, దాంతోనే గెలుచుకుపోతుంది. అప్పుడు మనవాడేం చేస్తాడు? మెంటాలిటీని 'అటాకింగ్'కి పెంచుతాడు. ఫుల్‌బ్యాకులిద్దర్నీ పైకి తోలుతాడు. మిడ్‌ఫీల్డర్‌ను తీసేసి ఇంకో స్ట్రైకర్‌ను దించుతాడు. తర్వాతి మ్యాచ్‌లో అవకాశాలు ఇంకా తగ్గుతాయి. ఇక మిగిలింది ఆట తయారుచేసినవాళ్లను తిట్టడమే.

ఇలా అవకాశాలు కరువవడానికి దాడిలో మనుషులు చాలకపోవడం కారణమని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు జరిగేది దానికి తలకిందులు: ముందు మనుషులు ఎక్కువైపోయారు, వాళ్లు కదలడానికి చోటు లేదు.

ఈ ఆట తెలియనివాళ్లు కూడా సభలో ఉన్నారు కాబట్టి రెండు మాటలు. పాల్, ఆలివర్ కాలియర్ అనే ఇంగ్లండు అన్నదమ్ములు 1992లో 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' అనే కంప్యూటర్ ఆట విడుదల చేశారు. వాళ్ల సంస్థ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ తర్వాత పాత ప్రచురణకర్తలతో విడిపోయింది. 2004 నుంచి అదే ఆట 'ఫుట్‌బాల్ మేనేజర్' పేరుతో వస్తోంది. ఇందులో బంతిని మనం తన్నం. జట్టును ఎంచుతాం, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో చెబుతాం, ఆపైన గట్టున కూర్చుని చూస్తాం. ఇదంతా పిల్లలాట అనుకునేవాళ్లు విల్ స్టిల్‌ను గుర్తుచేసుకోవాలి. కుర్రతనంలో ఈ ఆటలో మునిగితేలిన ఆయన 2022లో ఫ్రాన్స్‌లో రాన్స్ జట్టుకు కోచ్ అయ్యాడు. అవసరమైన లైసెన్సు ఆయనకు లేనందుకు క్లబ్బు మ్యాచ్‌కు 25,000 యూరోల చొప్పున జరిమానా కడుతూ కూడా ఆయన్నే ఉంచుకుంది.

ఇక అవకాశాలు కరువవడం దగ్గరికి వస్తే, అసలు జబ్బు ఈ కంప్యూటర్ ఆటలోది కాదు, ఫుట్‌బాల్‌లోనే ఉంది. 2018 ప్రపంచ కప్పులో రష్యా మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు ఆడింది. ఆ మ్యాచ్‌లో స్పెయిన్ ఖాతాలో పడిన ఒకే ఒక్క గోల్ రష్యా డిఫెండర్ పొరపాటున తన గోల్‌లోకే పంపుకున్నది. చివరికి స్పెయిన్ పెనాల్టీల్లో ఓడి ఇంటికెళ్లింది. నాలుగేళ్ల తర్వాత కతార్‌లో మొరాకో మీద మళ్లీ వెయ్యి దాటిన పాసులు, 120 నిమిషాలకు 0-0, మళ్లీ పెనాల్టీలు. ఈసారి షూటౌట్‌లో స్పెయిన్ ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఆ జట్టులో ఆటగాళ్లకు నైపుణ్యం తక్కువని ఎవరూ అనరు. బంతి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు పోయింది. మొరాకోవాళ్లు కూడా అటూ ఇటూ జరిగారు, అంతే. వాళ్ల వరస వెనక్కి ఎవరూ పరుగు తీయలేదు, వాళ్లను ముందుకు ఎవరూ లాగలేదు.

మన తెరమీద ఇదే జరుగుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి ఎక్స్‌జి అనే లెక్క పనికొస్తుంది. ఒక షాట్ ఎక్కడి నుంచి, ఎలాంటి స్థితిలో కొట్టారన్నదాన్ని బట్టి అది గోల్ అయ్యే సంభావ్యత అది. పెనాల్టీకి ఇంచుమించు 0.75 నుంచి 0.8 వరకు ఇస్తారు. పెనాల్టీ పెట్టె బయట పాతిక గజాల దూరం నుంచి, ముందు నలుగురు అడ్డుగా ఉండగా కొట్టినదానికి 0.03 వస్తే గొప్ప. అలాంటివి ఇరవై కొట్టినా పెనాల్టీ ఒక్కదానికి సాటిరావు. కాబట్టి షాట్ల సంఖ్య చూసి 'దాడి బాగానే ఉంది, అదృష్టమే లేదు' అనుకోవద్దు. దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. నాలుగైదు మ్యాచ్‌లుగా ఎక్స్‌జి రెండు చుట్టూ తిరుగుతుంటే, గోల్స్ మాత్రం రాకపోతే, ఆ ట్యాక్టిక్ జోలికి పోకండి. అక్కడ లోపం స్ట్రైకర్ కాళ్లలో ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. కుదిరిన ఏర్పాటును కంగారులో పాడుచేసుకున్నవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు.

తర్వాత పని, మ్యాచ్ చూడటం. ముఖ్య ఘట్టాలు మాత్రమే చూస్తే గోల్ దగ్గరి సంగతే తెలుస్తుంది, గోల్ దాకా ఎందుకు పోలేదో తెలియదు. పూర్తి మ్యాచ్ పెట్టి ఓ ఇరవై నిమిషాలు చూడండి. బంతి మైదానం చివరి మూడో వంతులోకి వెళ్లిన ప్రతిసారీ ఆట ఆపండి. బంతి ఉన్నవాణ్ణి వదిలేసి మిగతా పదిమందిని చూడండి. అతనికి పాస్ ఇవ్వడానికి ఎంతమంది దొరుకుతున్నారు? ముందుకు ఎవరైనా పరుగెడుతున్నారా? ఇద్దరు ఒకే చోట నిలబడ్డారా? జబ్బు పేరు ఆ బొమ్మలోనే ఉంటుంది.

ఉదాహరణకు, చాలామంది కట్టుకునే 4-2-3-1 తీసుకుందాం. ఎఫ్ఎం 24, అంటే 'ఫుట్‌బాల్ మేనేజర్ 2024' భాషలో చెబుతున్నాను, ఇక్కడ ఎక్కువమందికి అదే అలవాటు. ముందు అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్, అతని వెనక షాడో స్ట్రైకర్, రెండు పక్కలా ఇన్‌సైడ్ ఫార్వర్డులు. నలుగురికీ అప్పగించిన బాధ్యత, అంటే 'డ్యూటీ', 'అటాక్' ఒక్కటే. వెనక ఇద్దరు మిడ్‌ఫీల్డర్లకు 'డిఫెండ్'. కాగితం మీద ఇది భయంకరమైన దాడి. మైదానంలో మాత్రం బంతి మనకు చిక్కగానే నలుగురూ ఒకేసారి ఎదుటివాళ్ల ఆఖరి వరస మీదికి పరుగెడతారు. వింగర్లిద్దరూ లోపలికే వస్తారు కాబట్టి నలుగురూ మధ్యలోనే గుమికూడతారు. బస్సు ఆగగానే అందరూ ఒకే గుమ్మం మీద పడినట్టు. వెనకున్న ఇద్దరికీ ముందున్న నలుగురికీ నడుమ పెద్ద ఎడారి. బంతి అందుకుని తిరిగేవాడు అక్కడ ఒక్కడూ లేడు. ఇక మిగిలిన దారి ఫుల్‌బ్యాక్ పక్క నుంచి గాల్లోకి ఎత్తి కొట్టే క్రాస్. పొడవాటి సెంటర్‌బ్యాకులకు అది తలతో తీసే వ్యాయామం.

దీనికి చికిత్స వింతగా ఉంటుంది. దాడి చేసేవాళ్లలో ఒకణ్ణి వెనక్కి లాగాలి. స్ట్రైకర్‌నే డీప్-లైయింగ్ ఫార్వర్డ్‌గా 'సపోర్ట్'కి మార్చి చూడండి. అతను కిందికి దిగితే సెంటర్‌బ్యాక్‌కు చిక్కు వస్తుంది. వెంటపడితే వెనక ఖాళీ, వదిలేస్తే ముందు ఖాళీ. 1953 నవంబరు 25న వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండును ఓడించిన మ్యాచ్‌లో జరిగింది ఇదే. తొమ్మిదో నంబరు చొక్కా వేసుకున్న హిదెకుటి మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోతుంటే అతన్ని కాయాల్సిన హ్యారీ జాన్‌స్టన్‌కు ఎటు పోవాలో పాలుపోలేదు. హిదెకుటి మూడు గోల్స్ కొట్టాడు. డెబ్బై ఏళ్లు దాటిన ఆ ఎత్తు మన తెరమీద ఇప్పటికీ పనిచేస్తుంది. ఒక షరతు ఉంది: అతను ఖాళీ చేసిన చోటికి ఇంకొకడు పరుగెత్తాలి. ఆ పని షాడో స్ట్రైకర్‌కో, ఒక పక్క ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కో వదిలేయండి. రెండో పక్క వింగర్‌ను గీత అంచునే ఉంచండి. వాడు బంతి ముట్టకపోయినా ఒక డిఫెండర్‌ను అక్కడే కట్టిపడేస్తాడు. వెనక ఇద్దరిలో ఒకణ్ణి ఆలస్యంగా పెట్టెలోకి చేరేవాడిగా మార్చండి. రెండు పక్కలూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉండాలన్న మోజు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఎదుటి డిఫెన్సుకు అంతకన్నా సుఖం లేదు.

మనిషిని తన స్థానం నుంచి కదపడం గురించి మాట్లాడుతూ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీంను తలుచుకోకుండా ఉండలేను. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు కోచ్ ఆయనే. వెనక స్టాపర్‌గా ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో గోల్, దక్షిణ కొరియా మీద ఫైనల్లో మరో గోల్. 2-1తో స్వర్ణం. ఇప్పుడు మనం డ్రాప్‌డౌన్ మెనూలో చేసే మార్పును ఆయన గాయపడ్డ మనిషితో, వెనక్కి తీసుకోవడానికి సేవ్ ఫైల్ లేకుండా చేశాడు.

మెంటాలిటీ దగ్గరికి వద్దాం. అది 'గెలవాలనే కోరిక'ను కొలిచే మీటరని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని పెంచితే టెంపో పెరుగుతుంది, వెడల్పు పెరుగుతుంది, డిఫెన్సు వరస పైకి జరుగుతుంది, ఆటగాళ్లు తెగించి ముందుకు పోతారు. ఫలితంగా ఎదుటి జట్టు మొత్తం తన గోల్ ముందుకు నెట్టబడుతుంది. మనమే వాళ్లను కోటలోకి పంపి తలుపు వేశాం. 'అటాకింగ్' నుంచి రెండు మెట్లు దించి 'బ్యాలెన్స్‌డ్'కి తెచ్చి, ఒత్తిడి మొదలుపెట్టే గీతను కాస్త వెనక్కి జరపండి. వాళ్లు బయటికి వస్తారు. వచ్చిన వెంటనే వెనక ఖాళీ పుడుతుంది. ఇంగ్లండు క్లబ్బు బ్రైటన్‌లో కోచ్ దె జెర్బి చూపింది ఈ విద్యే. సెంటర్‌బ్యాక్ బంతి మీద అరికాలు పెట్టి నిలబడతాడు, ఎదుటివాడు ఆగలేక మీదికి వస్తాడు, అంతే, రెండు పాసుల్లో అతని వెనక తేలతారు. 2022-23లో ఆ క్లబ్బు ఆరో స్థానంలో నిలిచి తన చరిత్రలో మొదటిసారి యూరప్ పోటీలకు వెళ్లింది.

టీమ్ సూచనల్లో నేను ముందుగా అనుమానించేది 'వర్క్ బాల్ ఇన్‌టు బాక్స్'. దూరపు షాట్లతో విసిగిపోయి దీన్ని నొక్కుతారు. దానికి పొట్టి పాసులు, నెమ్మది టెంపో తోడైతే స్పెయిన్-మొరాకో మ్యాచ్ మీ ఇంట్లోనే మళ్లీ ఆడొచ్చు. పనికిమాలిన షాట్లు కొట్టేది ఒకరిద్దరే అయితే వాళ్లిద్దరికే 'తక్కువ షూట్ చేయి' అని చెప్పండి, జట్టంతటినీ కట్టేయకండి. అలాగే, ఎదుటివాళ్లు గోల్ ముందు కూర్చున్నప్పుడు 'పాస్ ఇన్‌టు స్పేస్' వల్ల ఒరిగేదేమీ లేదు. వెనక స్పేసే లేదు కదా.

రెండో సీజన్లో అందరికీ ఎదురయ్యే దెబ్బ కూడా ఇక్కడిదే. మొదటి ఏడాది చిన్న జట్టుగా ఎదురుదాడితో అందర్నీ పడగొడతారు. పేరు పెరుగుతుంది. రెండో ఏడాది అదే ప్రత్యర్థులు జాగ్రత్తగా వెనక కూర్చుంటారు, నిరుటి ట్యాక్టిక్ మూగబోతుంది. 2015-16లో లెస్టర్ బంతిని సగం సేపైనా ఉంచుకోకుండా ప్రీమియర్ లీగ్ గెలిచింది. స్ట్రైకర్ వార్డీ పరుగెత్తడానికి ఎదుటి డిఫెన్సు వెనక మైదానం ఉండేది. మరుసటి ఏడాది ఆ మైదానం తగ్గిపోయింది, జట్టు పన్నెండో స్థానంలో ఆగింది. మిడ్‌ఫీల్డర్ కాంటే చెల్సీకి వెళ్లిపోవడం ఇంకో పెద్ద కారణం, దాన్ని కాదనను. మన ఆటలోనూ అలాగే. ఏడాది తిరిగేసరికి గోడలాంటి డిఫెన్సును విప్పగలిగే మనిషి ఒకడైనా కావాలి. విజన్, ఫస్ట్ టచ్, డెసిషన్స్ బాగున్న మిడ్‌ఫీల్డర్ కోసం డబ్బు పెట్టండి. ముందువాడికి ఫినిషింగ్ కన్నా ముందు 'ఆఫ్ ది బాల్' అంకె చూడండి. చోటు కనిపెట్టలేనివాడికి ఫినిషింగ్ 18 ఉన్నా కొట్టడానికి బంతి రాదు. సెట్‌పీసుల మీద ఒక గంట ఖర్చుపెట్టడం కూడా లాభమే, అది వేరే ఉపన్యాసం.

మార్పులు ఒక్కొక్కటే చేయండి. ఒకేసారి అయిదు నొక్కితే ఏది పనిచేసిందో తెలియదు. పైగా జట్టుకు కొత్త పద్ధతి ఒంటబట్టే దాకా కొంతకాలం పడుతుంది. ఒక మార్పుకు నాలుగైదు మ్యాచ్‌లైనా గడువివ్వండి, మధ్యలో ఓడినా సరే.

ఎఫ్ఎం 26కు మారినవాళ్లకు ఒక్క మాట. అందులో బంతి ఉన్నప్పుడు ఒక ఆకారం, లేనప్పుడు ఇంకో ఆకారం విడివిడిగా గీసుకోవచ్చు. పాత డ్యూటీలు లేవు. పేర్లు మారినా నేను చెప్పిన పరీక్ష మారదు: బంతి ఉన్నప్పటి బొమ్మలో ఎవరు వెడల్పు ఇస్తున్నారు, ఎవరు కిందికి దిగుతున్నారు, ఆ చోటికి ఎవరు పరుగెడుతున్నారు అని ముగ్గురి పేర్లు చెప్పగలగాలి.

నా మాటలు ఇక్కడికి చాలు. మూడో వరసలో ఒకరు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నారు, ఇందాకటి నుంచి చూస్తున్నాను. దాన్ని ఇలా తెచ్చి ప్రొజెక్టర్‌కు తగిలించండి. మీరు గోల్ లేకుండా ముగించిన చివరి మ్యాచ్ పెట్టండి, చూద్దాం.