జీడి అంటిన చేతిది అంటురోగం కాదు

(మన ట్రస్టు వార్షిక స్కాలర్‌షిప్ ప్రదాన సభలో, ట్రస్టు పూర్వ విద్యార్థిని అయిన ఒక చర్మవ్యాధుల వైద్యురాలు బరంపురంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభకు డాక్టరును పిలిస్తే రక్తహీనత గురించో, పరీక్షల ముందు నిద్ర గురించో నాలుగు మాటలు చెప్పి కూర్చోవడం ఆనవాయితీ. కార్యదర్శిగారు మాత్రం "మీకు తోచింది మాట్లాడండమ్మా" అన్నారు. నేను జీడి గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "జీడిపప్పు గురించా?" అని అడిగారు. పప్పు గురించి కాదు, దాని పైనున్న పెంకు గురించి.

కొన్నేళ్ళ క్రితం మన స్కాలర్‌షిప్ మీదనే ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి వేసవి సెలవుల్లో తల్లితో కలిసి జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళింది. హాస్టల్ ఖర్చుకు నాలుగు డబ్బులు వస్తాయని వెళ్ళింది. సెలవులయ్యాక హాస్టల్‌కు వచ్చేసరికి వేళ్ళ సందుల్లో బొబ్బలు, ముంజేతుల మీద ఎర్రటి చారలు, కనురెప్పలు వాచి కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. అక్కడివారు చూసి భయపడ్డారు. ఒకరు గజ్జి అన్నారు, ఒకరు అమ్మవారు అన్నారు. తగ్గినట్టు సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే రానిస్తామని అదే సాయంత్రం ఇంటికి పంపేశారు. ఇంట్లో ఒక పెద్దావిడ, ముల్లును ముల్లుతోనే తీయాలని చెప్పి, నల్లజీడి గింజను దీపం మీద కాల్చి ఆ సొనను వాపు మీద పెట్టింది. మర్నాటికి ఆ చోటల్లా కాలిన పుండైంది. నా దగ్గరకు తీసుకొచ్చేసరికి పన్నెండు రోజులు గడిచాయి. మొత్తం మీద ఇరవైరెండు రోజుల తరగతులు పోయాయి. హాజరు తగ్గిందని ఆ యేడు మన ట్రస్టులో కూడా పునరుద్ధరణ ఆగింది. నేను ఉత్తరం రాశాక కమిటీవారు పెద్ద మనసుతో సరిచేశారు. ఆ ఉత్తరంలో రాసిన విషయమే ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను.

ఇందులో నా సొంత బాధ కూడా కొంత ఉంది. మా అమ్మ జీడిపిక్కలు కొట్టేది. నా మొదటి ఫీజు నోట్లు నల్లబడిన ఆ వేళ్ళతోనే లెక్కపెట్టి ఇచ్చింది. అమ్మ వేళ్ళు ఎందుకు నల్లగా ఉంటాయో నాకు వైద్యకళాశాలకు వెళ్ళేదాకా తెలియదు.

జీడిపిక్క పెంకును విరిచి చూస్తే లోపల తేనెపట్టులాగా చిన్న చిన్న అరలుంటాయి. వాటినిండా చిక్కటి, ముదురు గోధుమరంగు నూనె ఉంటుంది. పప్పును పురుగు తినకుండా చెట్టు పెట్టుకున్న కాపలా అది. పరిశ్రమల వారికి ఈ నూనె బంగారం. రంగులలో, బండ్ల బ్రేకులలో వాడతారు. చర్మం మీద పడితే మాత్రం రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఘాటు వల్ల నేరుగా కాలుస్తుంది. ఇది ఎవరికైనా జరుగుతుంది. రెండోది ఎలర్జీ. ఇది కొందరికే వస్తుంది, వచ్చినవారిని ఒక పట్టాన వదలదు.

ఈ రెండో పని ఎలా జరుగుతుందో విద్యార్థులు శ్రద్ధగా వినాలి. మొదటిసారి తగిలినప్పుడు చాలామందికి వెంటనే ఏమీ కాదు. శరీరం ఆ నూనెను శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి పది రోజుల నుంచి మూడు వారాల దాకా పడుతుంది. తర్వాత ఎప్పుడు తగిలినా ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎరుపు, నీటిపొక్కులు బయలుదేరతాయి. అందుకే సోమవారం పనిచేసి బుధవారం దద్దుర్లు వస్తే, మంగళవారం తిన్న వంకాయకూర మీద నెపం పెడతారు. పాపం, వంకాయ మన ఇళ్ళలో మోయని నింద లేదు.

ఇక అంటు సంగతి. పొక్కు చితికి కారే నీటిలో ఆ నూనె ఉండదు. అది మన ఒంటి రసి మాత్రమే. ఆ నీరు తగిలి పక్కవారికి రాదు, మన ఒంటిమీదే మరోచోటికి పాకదు. "కాదు డాక్టరుగారూ, నిన్న చేతిమీదే ఉంది, ఇవాళ మెడమీదకు పాకింది" అంటారు. పాకలేదు. చర్మం పల్చగా ఉన్నచోట ముందు తేలుతుంది, మందంగా ఉన్నచోట ఆలస్యంగా తేలుతుంది. నూనె ఎక్కువ పడినచోట ముందు, తక్కువ పడినచోట తర్వాత. లేదా గోళ్ళ సందుల్లో, చీరకొంగున, కత్తిపిడి మీద మిగిలిన నూనె మళ్ళీ తగులుతూ ఉండవచ్చు. ఇతరులకు తగలగలిగేది ఆ మిగిలిన నూనె ఒక్కటే. శుభ్రంగా కడుక్కుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చిన అమ్మాయి పక్కన కూర్చుంటే ఎవరికీ ఏమీ కాదు. హాస్టళ్ళు నడిపే పెద్దలు ఈ సభలో ఉంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

ఈ జీడి ఒంటరిది కాదు, పెద్ద కుటుంబమే ఉంది. మామిడి దీని అక్క. మామిడికాయ ముచిక తుంచినప్పుడు చిమ్మే సొన పెదవి పక్కన పుండు పెట్టడం మీ అందరికీ అనుభవమే. నల్లజీడి దీని చెల్లెలు, అందరికంటే కోపిష్టి. తమిళనాడు నుంచి వచ్చినవారు దానిని సేరాంకొట్టై అంటారు, మహారాష్ట్రవారు బిబ్బా, కర్ణాటకవారు కరిగేరు, ఇక్కడ మన ఒడియా ఇరుగుపొరుగు భలియా. పూర్వం రజకులు ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి దాని రసంతో గుర్తులు వేసేవారు. ఎన్ని ఉతుకులైనా పోయేది కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకు సరిగ్గా ఆ గుర్తు తగిలే చోట, మెడవెనుకా నడుముమీదా, పొక్కులు వచ్చాయి. కారణం చాకిరేవు గుర్తేనని 1943లో వారి డాక్టర్లు వైద్యపత్రికలో రాశారు. మనవారిలో ఎంతోమందికి పట్టని గుర్తు వారికి అంతగా పట్టడానికి కారణం ఉంది. వారి దేశంలో ఇదే కుటుంబపు మొక్కలున్నాయి. తూర్పున పాయిజన్ ఐవీ, పడమటి తీరాన పాయిజన్ ఓక్. వాటిలో ఉండే నూనె పేరు ఉరుషియోల్. జపానులో చెక్కసామానుకు మెరుగుపెట్టే ఉరుషి లక్క నుంచి వచ్చింది ఆ పేరు. జీడినూనెకూ దానికీ ఎంత పోలిక అంటే, ఒకదానికి అలవాటుపడిన శత్రుత్వం రెండోదానిమీదా తీర్చుకుంటుంది శరీరం. 1982లో పెన్సిల్వేనియాలో పెంకుముక్కలు కలిసిన జీడిపప్పు తిన్న 54 మందికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి.

ఇదంతా ఇక్కడ ఎందుకంటారా? మన స్కాలర్‌షిప్‌లతో చదివిన పిల్లలు ఇప్పుడు అక్కడికీ వెళ్తున్నారు. ఒకబ్బాయి కాలిఫోర్నియాలో ఎం.ఎస్.కు చేరిన మొదటి వసంతంలో స్నేహితులతో కొండ ఎక్కాడు. ఒక కాడకు మూడేసి ఆకులున్న పొదను తోటివారు చూపించి ముట్టుకోవద్దన్నారు. మూడాకులు కనబడితే మనవాళ్ళకు మారేడుదళమే గుర్తుకొస్తుంది కదా, "మేం పల్లెటూరివాళ్ళం, మాకేం కాదు" అని కొమ్మ విరిచి పక్కకు తోశాడట. మర్నాడు సాయంత్రానికే ముఖం గుర్తుపట్టలేనట్టు వాచింది. నాకు ఫోన్ చేసి, "మొదటిసారి తగిలితే వారాలు పడుతుందన్నారే, నాకు ఒక్కరోజులో ఎందుకొచ్చింది మేడమ్?" అని అడిగాడు. మీ అమ్మమ్మగారి ఊరేది నాయనా అన్నాను. పలాస దగ్గర. చిన్నప్పుడు సెలవుల్లో జీడిపిక్కలు కాల్చుకుని తినేవాడు. మొదటిసారి అక్కడే అయిపోయింది.

వెళ్ళేవారికి రెండు మాటలు. చలికాలంలో పాయిజన్ ఓక్ ఆకులు రాలి ఉత్త పుల్లలా ఉంటుంది, ఆ పుల్లలోనూ నూనె ఉంటుంది. పెంపుడు కుక్క బొచ్చుకు, బూటు తాళ్ళకు అంటి ఇంట్లోకి వస్తుంది. ఉతకని చొక్కా మీద సంవత్సరాల తరబడి ఉండగలదు. ఆ కట్టెను మంటలో వేయకూడదు, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకు వస్తుంది. ఇక్కడ డ్రమ్ముల్లో పిక్కలు కాల్చే బట్టీల పొగ దగ్గర కూడా పిల్లలను ఆడనివ్వకండి.

ఇప్పుడు చేయవలసినవి. అన్నిటికంటే ముందు నీళ్ళు. తగిలిన పది నిమిషాలలోపు సబ్బుతో కడిగితే ఆ నూనెలో సుమారు సగం పోతుంది. అరగంటయితే పదోవంతు కూడా కష్టమే. అందుకని డాక్టరు కోసం పరిగెత్తకముందు కుళాయి కోసం పరిగెత్తండి. పాత గుడ్డతో తుడిచేసి, చల్లని లేదా గోరువెచ్చని ధారనీటి కింద సబ్బు నురుగుతో రెండుమూడుసార్లు, గోళ్ళ సందులు సహా కడగాలి. పీచుపెట్టి రుద్దకూడదు. కట్టుబట్టలు విడిగా ఉతకాలి. కత్తి, కీళ్ళమిషను పిడి, చేతిలోని సెల్‌ఫోను కూడా తుడవాలి.

పిక్కలు కొట్టే తల్లులకు గ్లోవ్స్ వేసుకోండి అని చెప్పడం నాకు తేలిక. కిలోల లెక్కన కూలి వచ్చేచోట గ్లోవ్స్ వేస్తే చెయ్యి సాగదని మా అమ్మ నాతో చాలాసార్లు అంది. చేతులకు ఆముదం రాసుకోవడం, బూడిద అద్దుకోవడం పాతకాలపు ఉపాయాలు. పూర్తి రక్షణ కాదుగానీ ఉత్తచేతులకంటే నయం, కాని నూనె ఆరినకొద్దీ మళ్ళీ మళ్ళీ రాయాలి. కనీసం ఎడమచేతికైనా గ్లోవు వేసుకోండి, పప్పు పట్టేది ఆ చెయ్యే. అన్నం తినేముందు, మరుగుదొడ్డికి వెళ్ళేముందు కూడా కడుక్కోండి. వెళ్ళొచ్చాక కడిగితే ఆలస్యమే, ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు.

దద్దుర్లు వచ్చేశాక చల్లని తడిగుడ్డ పావుగంట చొప్పున రోజుకు నాలుగైదుసార్లు వేయండి. కాలమిన్ లోషన్ రాయండి. బొబ్బలు చిదమవద్దు. అలెర్జీ మాత్రలతో నిద్ర పడుతుందేగాని ఈ దురద అంతగా తగ్గదు. డాక్టరు రాసే స్టెరాయిడ్ లేపనం మొదటి రోజుల్లో బాగా పనిచేస్తుంది. మందులషాపులో అడగ్గానే ఇచ్చే, మూడునాలుగు మందులు కలిపిన ట్యూబులు మాత్రం వద్దు. ముఖం మీద నెలల తరబడి అవి రాసి చర్మం పల్చబడిన ఆడపిల్లలను వారానికి ఒకరినైనా చూస్తున్నాను. కళ్ళు వాచినా, మర్మాంగాల దగ్గర వచ్చినా, ఒంట్లో ఎక్కువభాగానికి వచ్చినా, చీముపట్టి జ్వరం వచ్చినా ఆసుపత్రికి రావాలి. పొగ పీల్చి ఆయాసం వస్తే ఆ క్షణమే రావాలి. అటువంటప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు రెండుమూడు వారాలు, మోతాదు తగ్గించుకుంటూ వాడాలి. అయిదో రోజున తగ్గిందని మానేస్తే మళ్ళీ తిరగబెడుతుంది.

నల్లజీడి విషయంలో నాకు ఇంట్లోనే వాదన జరిగింది. ఆయుర్వేదంలో అది మందే కదా అని మా మామయ్యగారు అడిగారు. మందే. అయితే ఇటుకపొడిలో రుద్ది శుద్ధిచేసి, తెలిసిన వైద్యుడు ఇచ్చే మందు. దీపంమీద కాల్చి బెణుకులకూ, కాలిపగుళ్ళకూ చుక్కలు వేయడం ఆ శాస్త్రం కాదు. దిష్టికని పసిపిల్లల మొలకు గింజ కట్టే అలవాటు కూడా మానుకుంటే మంచిది. పిల్ల కొరికితే నోరంతా పుండవుతుంది.

వయ్యారిభామ మాట కూడా ఒకటుంది. దీనికి నూనె బాధ లేదు, కుటుంబమూ వేరు. మహారాష్ట్రలో గాజర్ గవత్, కర్ణాటకలో కాంగ్రెస్ గిడ అంటారు. 1950లలో పూనా దగ్గర కనబడి దేశమంతా పాకింది. దాన్ని తినే మెక్సికో పురుగును 1984లో బెంగుళూరులో వదిలినా నేటికీ పోలేదు. ఎండిన మొక్క పొడి గాలిలో ఎగిరి కనురెప్పల మీద, మెడ మడతల్లో, మోచేతి మడతల్లో దురద పెడుతుంది. ఏటేటా ముదురుతుంది. ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో పిల్లలచేత దీన్ని ఉత్తచేతులతో పీకించడం చూశాను. పూత రాకముందే, గ్లోవ్స్‌తో, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకించండి. ఒకసారి దద్దుర్లు వచ్చిన పిల్లను ఆ పనికి పంపకండి. ఇక దూలగొండి, హాస్టల్ అబ్బాయిల ఆయుధం. అది ఎలర్జీ కాదు, నూగు గుచ్చుకోవడం. రుద్దకుండా అంటుకునే టేపుతో నూగు లాగేసి కడిగితే సరిపోతుంది. కళ్ళలో పడేలా చల్లితే అది వేళాకోళం కాదు, నేరం.

ఇటువంటి కారణాలతో బడి మానవలసివస్తే డాక్టరు చీటీలో "అంటువ్యాధి కాదు" అని రాయించుకుని, దాని నకలు ట్రస్టు దరఖాస్తుకు జతపరచండి. హాజరు లెక్కలో దానిని పరిగణిస్తామని కార్యదర్శిగారు ఇప్పుడే నాతో అన్నారు. వరండాలో బల్లమీద జీడిపెంకు, నల్లజీడి, వయ్యారిభామ వేరువేరు సీసాలలో పెట్టాను. అందరూ చూడండి, మూతలు మాత్రం తీయకండి. పక్కనే బకెట్టు, సబ్బు కూడా ఉన్నాయి.