గంటన్నర ప్రయాణమేనా?



"చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నరేనంట, మనం తిరుపతికి పోయేంత సేపు కూడా పట్టదు!" అంటుంటారు మన కలికిరి వైపు. మాట అబద్ధం కాదు. మీనంబాకం నుంచి కొలంబో దగ్గరి కటునాయకె విమానాశ్రయానికి ఆకాశమార్గాన సుమారు 650 కిలోమీటర్లు. ఢిల్లీ అంతకు రెండున్నర రెట్లు పైమాటే. పరదేశమే మన రాజధాని కన్నా చేరువన్నమాట!

గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి ముప్పావుగంట చాలదా అంటారేమో. పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ అంత వేగం ఉండదు. నేలమీద కదిలే సమయమూ కలపాలి.

అయితే మన ప్రయాణం మొదలయ్యేది మీనంబాకంలో కాదు, మన గడపలో. పీలేరు, తిరుపతి మీదుగా చెన్నైకి బస్సులో ఐదారు గంటలు. పాస్‌పోర్టు, సామాన్ల తనిఖీకి మూడు గంటలు ముందుండాలి. దిగాక మళ్లీ తనిఖీ, ఆపైన ఊళ్లోకి 30 కిలోమీటర్లు, రెండు గంటలు వేసుకోండి. అన్నీ కూడితే పన్నెండు గంటలు! గడియారం మార్చే పని మాత్రం లేదు. 2006 నుంచి శ్రీలంక సమయమూ మనదీ ఒక్కటే.

ఈ లెక్కంతా ఎందుకంటారా? చక్కెర జబ్బున్న అత్తగారి మాత్రలు "గంటన్నరే కదా" అని పెద్దపెట్టెలో సర్దితే, ఆ పెట్టె మళ్లీ కొలంబోలోగానీ చేతికి రాదు. మాత్రలు, డాక్టరు చీటీ, నాలుగు ఇడ్లీలు చేతిసంచిలోనే ఉండాలి. చంటిబిడ్డ తల్లికీ ఇదే మాట. బయల్దేరే ముందు ఇంటి గడప నుంచి అక్కడి గడప దాకా లెక్క వేసుకోండి.