ఖాళీ ఫలితం: అసింక్రనస్ ప్రోగ్రాములలో దాని నిర్వహణ

డేటాబేసును ఒక ప్రశ్న అడుగుతాం. దానినే క్వెరీ అంటాం. ఆ క్వెరీకి సరిపోయే వరుస ఒక్కటి కూడా లేనప్పుడు వచ్చే ఫలితం ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు ప్రోగ్రాం ఏం చేయాలి? ఈ ప్రసంగంలో ఆ విషయం తెలుసుకుందాం. ముఖ్యంగా అసింక్రనస్ ప్రోగ్రాములలో, అంటే క్వెరీ పంపిన తరువాత జవాబు కోసం ఆగిపోకుండా ఇతర పనులు చూసుకునే ప్రోగ్రాములలో, ఈ సమస్య ఎలా ఉంటుందో పరిశీలిద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం దానిని నిర్మించారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. దేశం నలుమూలల నుంచి పనికోసం అక్కడికి చేరినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. ఇలా ఊరు విడిచి వెళ్లిన కూలీ కుటుంబానికి ఒకప్పుడు రేషన్ కార్డు సొంత ఊరి దుకాణంలోనే పనికివచ్చేది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ఒక రాష్ట్రం కార్డుతో మరొక రాష్ట్రంలో రేషన్ తీసుకునే ఏర్పాటు మొదలైంది. అదే 'ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు' పథకం. 2022 నాటికి ఛత్తీస్‌గఢ్‌తో సహా అన్ని రాష్ట్రాలూ ఇందులో చేరాయి. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డులకే ఇది వర్తిస్తుంది.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కార్డు ఉన్న ఒక కూలీ దుర్గ్‌లోని చౌక ధరల దుకాణానికి వెళ్లాడనుకుందాం. డీలరు ఈ-పోస్ యంత్రంలో నంబరు కొట్టాడు. ప్రశ్న దూరాన ఉన్న డేటాబేసుకు వెళ్లాలి. జవాబు ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పలేం. ఇలాంటి పనికి మనమే ఒక ప్రోగ్రాం రాస్తున్నామని ఊహించుకోండి.

మూడు స్థితులు

ఏ క్షణంలోనైనా ఆ ప్రశ్న మూడు స్థితులలో ఒకదానిలో ఉంటుంది. ఒకటి, జవాబు ఇంకా రాలేదు. రెండు, జవాబు వచ్చింది. మూడు, లైను తెగిపోవడం వంటి కారణం వల్ల ప్రశ్న విఫలమైంది. జావాస్క్రిప్ట్‌లో భవిష్యత్తులో రాబోయే జవాబును సూచించే వస్తువును ప్రామిస్ అంటారు. దాని స్థితులకు వరుసగా పెండింగ్, ఫుల్‌ఫిల్డ్, రిజెక్టెడ్ అని పేర్లు.

మరి ఖాళీ ఫలితం వీటిలో దేని కిందికి వస్తుంది? చాలామంది విద్యార్థులు రిజెక్టెడ్ అంటారు. అది సరికాదు. డేటాబేసు వెతికింది, సరిపోయే వరుస లేదని చెప్పింది. అంటే ప్రశ్నకు జవాబు దొరికినట్టే. కనుక అది ఫుల్‌ఫిల్డ్. అందువల్ల తప్పులను పట్టుకోవడానికి రాసే క్యాచ్ భాగంలోకి సాధారణంగా అది రాదు. దానిని మనమే విడిగా పరీక్షించాలి.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోకూడదని, క్యాచ్ భాగంలో ఖాళీ జాబితాను తిరిగి పంపే విధంగా కొందరు రాస్తారు. అప్పుడు నెట్‌వర్క్ పనిచేయకపోయినా, నిజంగా కార్డు లేకపోయినా తెరమీద ఒకే మాట కనిపిస్తుంది: 'కార్డు లేదు'. లైను తెగితే అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు. కార్డు లేదంటే ఆ కూలీ ఆ పూట కూలి పోగొట్టుకుని, ఖాళీ సంచితో వెనక్కి వెళ్తాడు. రెండింటికీ తేడా ఎంతో గమనించండి.

ఖాళీకి ఉండే రూపాలు

ఖాళీ ఫలితం ఎప్పుడూ ఒకే రూపంలో రాదు. అనేక వరుసలు అడిగితే ఖాళీ జాబితా వస్తుంది. ఒక్క వరుసను మాత్రమే అడిగే సౌకర్యం వాడితే చాలా లైబ్రరీలు నల్ ఇస్తాయి. కొన్ని తప్పుగా ప్రకటిస్తాయి. కనుక వాడే లైబ్రరీ ఏం చేస్తుందో ముందు చదివి తెలుసుకోవాలి. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ జాబితా షరతులో నిజం కింద లెక్క. పైథాన్‌లో అబద్ధం కింద లెక్క. అందుచేత జావాస్క్రిప్ట్‌లో జాబితా ఉందా అని కాక, దాని పొడవు సున్నానా అని అడగాలి.

మొత్తాలు అడిగినప్పుడు మరొక చిక్కు ఉంది. వరుసలు లేనప్పుడు ఎస్‌క్యూఎల్‌లో కౌంట్ సున్నా ఇస్తుంది, సమ్ మాత్రం నల్ ఇస్తుంది. ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం చట్టం ఇచ్చిన హక్కు. నలుగురున్న కుటుంబానికి 20 కిలోలు. ఈ నెల ఇంకా ఏమీ తీసుకోలేదు కాబట్టి సమ్ నల్ అయింది. 20 నుంచి నల్‌ను తీసివేస్తే ఎస్‌క్యూఎల్‌లో మళ్లీ నల్ వస్తుంది. 'మిగిలినది సున్నా కంటే ఎక్కువా?' అన్న షరతు నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఆ కార్డు ఫలితాల నుంచి జారిపోతుంది. అంటే ఈ నెల ఒక్క గింజ కూడా తీసుకోని కుటుంబానికే 'మీకు ఏమీ లేదు' అన్న జవాబు వస్తుంది. దీనికి విరుగుడు కోఅలెస్ అనే ఫంక్షన్. నల్ వస్తే దాని స్థానంలో సున్నా పెట్టమని దానితో చెప్పవచ్చు.

అసింక్రనస్ పద్ధతిలో అదనపు చిక్కులు

మొదటిది, అవెయిట్ రాయడం మరచిపోవడం. అప్పుడు చేతికి వచ్చేది జాబితా కాదు, ప్రామిస్. దానికి పొడవు అనే లక్షణం లేదు. పొడవు సున్నా కాదు కాబట్టి, లేని కార్డు కూడా 'దొరికింది' అనే దారిలోకి వెళ్తుంది.

రెండవది, అనేక ప్రశ్నలు ఒకేసారి పంపడం. కుటుంబ సభ్యులలో ఒక్కొక్కరికి ఒక ప్రశ్న పంపి, ప్రామిస్ ఆల్‌తో అన్నిటి కోసం వేచి ఉన్నామనుకోండి. సభ్యుల జాబితా ఖాళీ అయితే అది వెంటనే సఫలమవుతుంది. ఎవరినీ పరిశీలించకుండానే 'అందరినీ పరిశీలించాం' అన్నట్టు అవుతుంది. ప్రామిస్ రేస్‌కు ఖాళీ జాబితా ఇస్తే అది ఎన్నటికీ తేలదు. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కనుక జాబితా ఖాళీగా ఉందేమో ముందే చూడాలి. వేచి ఉండే సమయానికి ఒక గడువు కూడా పెట్టాలి.

మూడవది, ఇద్దరు ఒకేసారి అడగడం. భర్త దుర్గ్‌లో, భార్య శ్రీకాకుళంలో ఒకే నిమిషంలో అదే కార్డు చూపారు. 'ఈ నెల ఏమైనా తీసుకున్నారా?' అన్న ప్రశ్నకు రెండు చోట్లా ఖాళీ ఫలితం వచ్చింది. రెండు దుకాణాలూ 20 కిలోలు రాశాయి. ఖాళీ ఫలితం అడిగిన క్షణానికే నిజం. ఆ తరువాత కూడా నిజమేనని హామీ లేదు. లేని వరుసకు తాళం వేయడం కుదరదు కాబట్టి, ఉన్న వరుసకు, అంటే కార్డు వరుసకు ట్రాన్సాక్షన్‌లో తాళం వేసి, ఆ తరువాతే మొత్తం చూసి, కొత్త వరుస రాయాలి.

సారాంశం

డేటాబేసును అడిగే ఫంక్షన్ 'దొరికింది', 'లేదు', 'తెలియలేదు' అనే మూడు ఫలితాలను వేరువేరుగా తిరిగి పంపాలి. 'తెలియలేదు' అన్నప్పుడే మళ్లీ ప్రయత్నించాలి. 'లేదు' అన్నప్పుడు పదే పదే అడిగితే ప్రయోజనం లేదు. కారణం చెప్పాలి. నంబరు తప్పు పడిందా, ఆ కార్డు ఆహార భద్రతా చట్టం కిందిది కాదా అని చూసుకోమని డీలరుకు సూచించాలి. ఈ తేడా ప్రోగ్రాం లోపల ఉంటే చాలదు. తెరమీది వాక్యం దాకా రావాలి. దుకాణం ముందు నిలబడిన మనిషికి చేరేది ఆ వాక్యమే.

అభ్యాసం: మీరు ఇదివరకు రాసిన ప్రోగ్రాం ఒకటి తీసుకోండి. క్వెరీకి ఖాళీ ఫలితం వచ్చేలా ఒకసారి, నెట్‌వర్క్ తీసేసి మరొకసారి నడపండి. రెండుసార్లూ తెరమీద ఒకే మాట వస్తే, ఆ ప్రోగ్రాంను సరిదిద్దండి.